హాకీ కట్టె వెంట ఎగ్మూరుకు

మా ఒడుగత్తూరు పేరు విన్నవారు తక్కువ. వేలూరులో బస్సెక్కి అణైకట్టు మీదుగా సుమారు 30 కిలోమీటర్లు వస్తే, జవ్వాది కొండల అడుగున, ఉత్తర కావేరి అనే యేటి పక్కన మా వూరు తగులుతుంది. యేటి పేరు పెద్దది, నీరు కొంచెం. వానలు బాగా పడిన సంవత్సరం మేలరసంపట్టు వైపు నుంచి కొన్నాళ్ళు యెర్రగా పారుతుంది; తక్కిన రోజులలో యిసుకే. శుక్రవారం నాడు మాత్రం మా వూరు చుట్టుపక్కల పదిమందికీ గుర్తుకు వస్తుంది. ఆనాడు మేకల సంత. తెల్లవారకముందే కొండ మీది నుంచి, ఆంబూరు వైపు నుంచి, గుడియాత్తం వైపు నుంచి మందలు దిగుతాయి. ఎండ యెక్కేసరికి సంత సగం ఖాళీ అయిపోతుంది.

మన తెలుగువారు ఇక్కడ ఎన్ని తరాలుగా వున్నారో లెక్క తీయడం నా వంటి గుమాస్తాకు సాధ్యం కాదు. విజయనగర కాలపు నాయకులు కట్టిన వేలూరు కోటను చూపించి, "ఆ రోజులలో వచ్చాము" అంటారు పెద్దలు. నాకు తెలిసినంతవరకు ముఖ్యమైన సంగతి మరొకటి: 1911లో చిత్తూరు జిల్లాను యేర్పాటు చేసినప్పుడు ఉత్తర ఆర్కాటులోని తెలుగు తాలూకాలు అటు పోయినవి, మనము యిటు మిగిలాము. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, ఆఫీసు కాగితం మీద అరవమూ ఇంగ్లీషూ. ఇంతకంటె మనకు ఇబ్బంది యేమీ లేదు, ఒక్క ఆటల సందర్భంలో తప్ప. ఆ సంగతి తరువాత చెబుతాను.

మా వీధిలో మేకల బేరం చేసే తమ్ముడొకరున్నారు. వరసకు తమ్ముడే గాని రక్తసంబంధం లేదు. వారి రెండవ కొడుకు తొమ్మిదవ తరగతి. బడిలో డ్రిల్లు మాస్టారు పుణ్యమా అని హాకీ పట్టుకున్నాడు. మట్టి నేల, అరిగిపోయిన కట్టె, గోలు స్థానంలో రెండు రాళ్ళు. అయినా పిల్లవాడి చేతిలో యేదో వున్నదని మాస్టారు గ్రహించి, తమిళనాడు క్రీడాభివృద్ధి సంస్థవారి క్రీడా హాస్టలుకు ఎంపిక పరీక్షలు జరుగుతాయి, పంపండి అన్నారు. తండ్రి నా దగ్గరకు వచ్చి అరుగు మీద కూర్చుని అడిగిన మాట ఇది:

"అన్నా, నువ్వు నాలుగు కాగితాలు చదివినోడివి. ఈ కట్టె వాడికి కూడు పెడతాదా? పెట్టదంటే చెప్పు, మా పెద్దోడి మాదిరి వీణ్ణీ సంతకు తీసుకుపోతా."

న్యాయమైన ప్రశ్న. దానికి నోటికి వచ్చిన జవాబు చెప్పి పంపడం న్యాయం కాదు. కాబట్టి రెండు నెలలు అది నా తలలో తిరిగింది. ఆట ఆడినందుకు జీతమిచ్చే జట్లు ఎప్పుడు పుట్టినవి, ఎన్నాళ్ళు బ్రతికినవి, యెందుకు చచ్చినవి అని చూడడం మొదలుపెట్టాను.

టొరొంటోలో వున్న నా మేనల్లుడికి సంగతి వ్రాస్తే వాడు పక్కుమని నవ్వి, "మామయ్యా, ఇక్కడ హాకీ అంటే మంచు మీద ఆడేదే. గడ్డి మీద ఆడేదానికి వేరే పేరు పెట్టి పిలుస్తారు" అన్నాడు. మనం హాకీ అనుకునేదానికి అక్కడ ఫీల్డు హాకీ అని పేరట. మంచు హాకీలో బంతి వుండదు. గట్టి రబ్బరుతో చేసిన నల్లని బిళ్ళ వుంటుంది. గోలుకీపరుతో కలిసి ఆరుగురే ఆడతారు. కాళ్ళకు ఇనుప బాకులున్న బూట్లు. ఇరవయ్యేసి నిమిషాల చొప్పున మూడు విడతలు. 1875 మార్చి 3వ తేదీన మాంట్రియల్ నగరంలో మొదటిసారిగా ఒక కట్టడం లోపల, పద్ధతి ప్రకారం, ఆడినట్టు దాఖలా వున్నది.

మరి జీతం? అది కెనడాలో కాక అమెరికాలో మొదలైందంటే ఆశ్చర్యంగా వుంటుంది. మిషిగన్ రాష్ట్రంలో హౌటన్ అనే రాగి గనుల వూరు. అక్కడ కెనడా నుంచి వచ్చిన గిబ్సన్ అనే దంతవైద్యుడు పోర్టేజ్ లేక్స్ అనే జట్టును నిలబెట్టాడు. గనుల డబ్బు వుంది, చలికాలం పొడుగు, జనానికి వినోదం కావాలి. కెనడాలో డబ్బు తీసుకుని ఆడడం అప్పటికి తప్పుగా చూసేవారు గనుక మంచి ఆటగాళ్ళు సరిహద్దు దాటి ఆ చిన్న వూళ్ళకు వచ్చారు. 1904లో ఆటగాళ్ళకు బాహాటంగా జీతమిచ్చే మొదటి లీగు అక్కడ పుట్టింది. 1907కల్లా మూతపడింది. అప్పటికి కెనడా క్లబ్బులే డబ్బు ఇవ్వడం మొదలుపెట్టాయి. ఆటగాళ్ళు ఇంటికి తిరిగిపోయారు. మూడు సంవత్సరాల ఆయుర్దాయం! ఈ సంఖ్య పాఠకులు గుర్తు పెట్టుకోవాలి, మన దగ్గరి కథలో మళ్ళీ దీని చుట్టాలు కనిపిస్తాయి.

దాని తరువాత వచ్చినవాటిలో గట్టిగా నిలిచినవి వున్నాయి. మాంట్రియల్ కెనేడియన్స్ జట్టు 1909లో పుట్టింది, ఇప్పటికీ ఆడుతున్నది. అది ఆడే నేషనల్ హాకీ లీగు పుట్టింది 1917లో, అనగా లీగు కంటె జట్టే పెద్దది. ఆ లీగు విజేతకిచ్చే స్టాన్లీ కప్పును 24 సార్లు గెలిచింది, ఆఖరుసారి 1993లో. ముప్పై యేళ్ళు దాటినా కప్పు రాలేదని అక్కడివారు తిట్టుకుంటారే గాని జట్టును వదిలిపెట్టరట.

కాని నా మనసు పట్టుకున్నది మాంట్రియల్ కాదు, విన్నిపెగ్. కెనడా నడిబొడ్డున, వేసంగిలో దోమలూ, శీతకాలంలో నలభై డిగ్రీల చలీ వున్న నగరం. అక్కడ 1972లో జెట్స్ అనే జట్టు పుట్టింది, 1979లో పెద్ద లీగులో చేరింది. చిన్న నగరం, పాత స్టేడియం, జీతాలు పెరిగిపోతున్నాయి; భరించలేక యజమానులు అమ్మివేయగా 1996లో జట్టుకు జట్టే అమెరికాలో ఎడారి నగరమైన ఫీనిక్సుకు తరలిపోయింది. పోకుండా ఆపడానికి ఆ వూరి జనం చందాలు పోగు చేశారు. పిల్లలు దాచుకున్న డబ్బు కూడా ఇచ్చారట. లాభం లేకపోయింది. పదిహేనేళ్ళు వూరు జట్టు లేకుండా గడిపింది. 2011లో అట్లాంటా నుంచి వేరొక జట్టు నష్టాలతో లేచి విన్నిపెగ్‌కు వచ్చింది. దానికి పాత పేరే, జెట్స్ అని, పెట్టుకున్నారు. అటు ఎడారికి పోయిన జట్టేమో అక్కడా నిలదొక్కుకోలేక 2024లో యూటా రాష్ట్రానికి మళ్ళీ మూట కట్టింది. మేకల మంద కూడా ఇన్నిసార్లు చేతులు మారదు అన్నాడు మా తమ్ముడు, ఈ కథ చెప్పినప్పుడు.

మంచు అంటే మన మద్రాసుకు మరీ పరాయిది కాదని ఇక్కడ చెప్పాలి. అమెరికాలోని బోస్టను ప్రాంతపు చెరువులలో కోసిన మంచుగడ్డలను ట్యూడర్ అనే వర్తకుడు ఓడలకెత్తి మన దేశానికి పంపేవాడు. 1833లో కలకత్తాకు చేర్చాడు. మద్రాసులో ఆ గడ్డలు దాచడానికి 1842లో సముద్రపు వొడ్డున కట్టినదే ఐస్ హౌసు. 1897లో వివేకానందస్వామి బస చేసినది ఆ మేడలోనే. దొరల గ్లాసులలోకి మంచు అంత దూరం నుంచి వచ్చిందిగాని, దాని మీద ఆడే ఆట రాలేదు. రావడానికి వీలెక్కడిది? మన దేశంలో ఆ ఆట నిజంగా బ్రతుకుతున్నది లడాకులో, గడ్డకట్టిన చెరువుల మీద. అక్కడి పిల్లలు ఎక్కువగా వున్న భారత మహిళల జట్టు 2025లో ఆసియా కప్పులో మూడవ స్థానం తెచ్చుకున్నది. అది జీతపు జట్టు కాదు. అయినా ఆ సంగతి చదివి సంతోషించాను.

ఇక మన గడ్డి హాకీ, మన జీతపు జట్లు. 2005 జనవరిలో ప్రీమియర్ హాకీ లీగు మొదలైంది. ఆ మొదటి యేడు ఆటలన్నీ హైదరాబాదు గచ్చిబౌలిలోనే. ఆ రోజులలో మామూలుగా 35 నిమిషాలేసి రెండు భాగాలుగా ఆడుతుండిన ఆటను, టెలివిజను కోసం, పదిహేడున్నర నిమిషాల నాలుగు ముక్కలు చేశారు. పేర్లు చూడండి: హైదరాబాదు సుల్తాన్స్, చెన్నై వీరన్స్, మరాఠా వారియర్స్, బెంగుళూరు హైఫ్లయర్స్, షేరే జలంధర్. ఆ మొదటి పందెం గెలిచినది మన హైదరాబాదు సుల్తాన్సే. పాకిస్తాను పెనాల్టీ కార్నర్ వీరుడు సొహైల్ అబ్బాస్ కూడా సుల్తాన్స్ పక్షాన ఆడాడు. రెండు దేశాల ఆటగాళ్ళు ఒకే చొక్కా తొడుక్కుని ఒకే గోలుకు పరిగెత్తారంటే ఈనాటి పిల్లలు నమ్మకపోవచ్చు.

హైదరాబాదుకు అది అకస్మాత్తుగా వచ్చిన గౌరవం కాదు. ముకేశ్ కుమార్ అనే తెలుగు బిడ్డ 1992, 1996, 2000 ఒలింపిక్సు మూడింటిలోనూ దేశం తరఫున ఆడాడు. అర్జున అవార్డు, పద్మశ్రీ రెండూ వచ్చాయి. ఆయన పేరు మనవాళ్ళలో ఎంతమందికి తెలుసునో వేలు మీద లెక్కించవచ్చు. సినిమా నటుల పుట్టినరోజులు మాత్రం అందరికీ తెలుసు.

సుల్తాన్స్ ఏమయ్యారు? 2008తో ఆ లీగే పోయింది. ఆ సంవత్సరం మార్చిలో చిలీ దేశంలో బ్రిటన్ చేతిలో 2-0తో ఓడి, 1928 తరువాత మొదటిసారిగా, మన దేశం ఒలింపిక్సుకే అర్హత కోల్పోయింది. మరుసటి నెలలో ఆట పెద్దల మీద లంచపు ఆరోపణ వచ్చి సమాఖ్యనే పక్కన పెట్టారు. గొడుగు విరిగితే కింద నిలబడినవాళ్ళందరూ తడిసినట్టు, జట్లన్నీ మాయమైపోయాయి. నాలుగు పందేల ఆయుర్దాయం.

2012లో వేరొక లీగు వచ్చింది, వరల్డ్ సిరీస్ హాకీ అని. అందులో చెన్నై చీతాస్ అనే జట్టు. ఆ లీగు నడిపింది ఒక సమాఖ్య, ప్రపంచ సంస్థ గుర్తింపు మరొక సమాఖ్యకు. ఇంట్లో అన్నదమ్ములు పొయ్యి పంచుకోలేక కుండ పగలగొట్టినట్టు అయింది. ఆ లీగు ఆడినది ఆ ఒక్క సంవత్సరమే. 2013 నుంచి 2017 దాకా హాకీ ఇండియా లీగు నడిచింది. రాంచీ, పంజాబు, ఢిల్లీ, ముంబాయి, ఉత్తరప్రదేశ్, తరువాత కళింగ వున్నాయి గాని దక్షిణాది నాలుగు భాషలలో ఒక్కదానికీ జట్టు లేదు. అదీ ఆగిపోయి, 2024 డిసెంబరులో మళ్ళీ లేచింది. ఈసారి హైదరాబాదు తూఫాన్స్, తమిళనాడు డ్రాగన్స్, విశాఖపట్నం పేరు మీద గోనాసిక.

మొదట్లో చెప్పిన ఇబ్బంది ఇక్కడ వచ్చింది. హైదరాబాదూ తమిళనాడూ రెండూ వుంటే ఒడుగత్తూరు తెలుగువాడు ఎవరి పక్షాన కేకలు వేయాలి? మా ఇంట్లో ఇదే తగువు. నా భార్య, పుట్టిల్లు పలమనేరు గనుక, హైదరాబాదు అంటుంది. హైదరాబాదు ఇప్పుడు తెలంగాణ కదా అని అడిగితే "భాష ఒకటే కదా" అంటుంది. మా అబ్బాయి పుట్టినదీ చదివినదీ ఇక్కడే, వాడికి డ్రాగన్స్. 2025 ఫిబ్రవరి 1వ తేదీన రూర్కెలాలో జరిగిన చివరి ఆటలో తూఫాన్స్ బెంగాల్ టైగర్స్ చేతిలో 4-3తో ఓడింది. జుగరాజ్ సింగ్ మూడు గోళ్ళు కొట్టాడు. మూడవ స్థానపు ఆటలో డ్రాగన్స్ 2-1తో సూర్మా చేతిలో ఓడింది. ఇద్దరూ ఓడడంతో ఆ రాత్రి మా ఇంట్లో తగువు దానంతట అదే తీరిపోయింది.

ఈ కథంతా తమ్ముడికి చెబుతూ, "పుస్తకంలో చదివింది చాలదు, పద, ఆ మైదానం కంటితో చూసి వద్దాం" అని బయలుదేరదీశాను. సంత లేని ఆదివారం. తొలి బస్సులో వేలూరు, అక్కడి నుంచి కాట్పాడి, కాట్పాడిలో రైలు. చెన్నైకి సుమారు 130 కిలోమీటర్లు. పిల్లవాడు కిటికీ దగ్గర, ఒళ్ళో కట్టె. తండ్రి ఇడ్లీ పొట్లం విప్పుతూ అరక్కోణం దాకా మాట్లాడలేదు. తరువాత అడిగాడు: "ఆ వేలంలో మనిషిని ఎంతకు కొంటారన్నా?"

వేలమన్న మాట అతనికి బాగా పరిచయం గదా! 2024 అక్టోబరు వేలంలో మొదటి పలుకు మూడు తరగతులు: 2 లక్షలు, 5 లక్షలు, 10 లక్షలు. హర్మన్‌ప్రీత్ సింగుకు 78 లక్షలు పలికింది. తూఫాన్స్ వారు అర్జెంటీనాలో పుట్టి జర్మనీకి ఆడే పైలాటుకు 68 లక్షలు పెట్టారు. ఇవి విని తమ్ముడి కళ్ళు పెద్దవయ్యాయి. నేను గుమాస్తాను గనుక కిందివైపు నుంచి లెక్క వేశాను. రెండు లక్షల ఆటగాడికి నెలకు పంచితే 16,666 రూపాయలు. లీగు నడిచేది అయిదు వారాలు. వచ్చే యేడు మళ్ళీ తీసుకుంటారన్న హామీ లేదు. జట్టే వుంటుందన్న హామీ కూడా లేదు. విశాఖపట్నం పేరున వచ్చిన గోనాసిక మరుసటి పందెంలో కనిపించలేదు. ఎనిమిది జట్లలో చోటు దొరికేవారు దేశమంతటిలో నూటికి పైచిలుకు.

"అయితే వద్దంటావా?" అన్నాడు. పిల్లవాడు కిటికీ వైపు తల తిప్పుకున్నాడు. నేను అప్పుడే జవాబు చెప్పలేదు.

సెంట్రల్‌లో దిగి ఎగ్మూరుకు నడిచాము. మేయర్ రాధాకృష్ణన్ స్టేడియం రైలు స్టేషనుకు ఎంతో దూరం కాదు. లోపలికి అడుగు పెట్టగానే పిల్లవాడు ఆగిపోయాడు. ఎర్రమట్టి తప్ప యెరుగనివాడికి ఎదురుగా నీలిరంగు నేల! అది గడ్డి కాదు, కృత్రిమపు పచ్చిక. ఆటకు ముందు నీళ్ళు చిమ్మి తడుపుతారు, అప్పుడు బంతి జారుతుంది, పడినవాడి చర్మం వూడదు. మన బడి నేల మీద నేర్చినవాడు దీని మీదకు వస్తే బంతి వేగానికి తబ్బిబ్బు పడతాడు. 1970ల తరువాత మన హాకీ వెనకబడడానికి ఈ నేల మార్పు ఒక పెద్ద కారణమని తెలిసినవారు చెబుతారు. నాకూ అది నిజమనే తోస్తుంది. ఒక్క పచ్చిక పరచడానికి కోట్లు కావాలి. మన పల్లెటూరి బళ్ళకు గోలు కంబాలకే దిక్కు లేదు.

ఈ మైదానంలో 1996లోను 2005లోను చాంపియన్స్ ట్రోఫీ జరిగింది. 2007లో ఇక్కడే మనవారు కొరియాను 7-2తో కొట్టి ఆసియా కప్పు గెలిచారు. 2023 ఆగస్టులో మలేషియాను 4-3తో ఓడించి ఆసియా చాంపియన్స్ ట్రోఫీ అందుకున్నదీ ఇక్కడే. ఇంత మంచి మైదానం వుండి, తమిళనాడు డ్రాగన్స్ మొదటి పందెమంతా రూర్కెలాలోను రాంచీలోను ఆడింది! పేరు ఒక వూరిది, ఆట మరొక వూరిలో అయితే జనానికి జట్టు మీద మమకారం ఎట్లా పుడుతుంది? విన్నిపెగ్ పిల్లలు దాచుకున్న డబ్బు ఇచ్చారంటే ఆ జట్టు వాళ్ళ వీధి చివర ఆడింది గనుక. ఈ లోపం కొంత గ్రహించారు కాబోలు, 2026 జనవరిలో లీగు ఆటలు చెన్నైకి కూడా వచ్చాయి.

ఆ పూట పెద్ద ఆట యేదీ లేదు. కుర్రవాళ్ళు కొందరు సాధన చేస్తున్నారు. మెట్ల మీద నీడలో కూర్చున్న ఒక ముసలాయనతో మాట కలిసింది. రైల్వేలో పనిచేసి రిటైరయ్యారట, యవ్వనంలో వారి జట్టుకు ఆడారట. తమ్ముడు సూటిగా తన ప్రశ్నే అడిగాడు, అరవంలో. ఆయన నవ్వి, తన మోకాలు తట్టి, "ఈ మోకాలు పోయింది. పెన్షను వస్తున్నది" అన్నారు.

నాకు కావలసిన జవాబు అదే. లీగులు పుడుతూ పోతూ వున్నా, మన దేశంలో హాకీ ఆటగాణ్ణి నిజంగా పోషించినది ఆఫీసులే. దక్షిణ రైల్వే, పెరంబూరు ఐ.సి.ఎఫ్., ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు, పోలీసు, ఆదాయపు పన్ను శాఖ: వీటి జట్లు చెన్నైలో తరతరాలుగా ఆడుతున్నాయి. క్రీడల కోటాలో వుద్యోగం, పొద్దున సాధన, తరువాత సంతకం, నెల కాగానే జీతం. ధనరాజ్ పిళ్ళె ఇండియన్ ఎయిర్‌లైన్స్ వుద్యోగిగా వుండేవాడు. మెరుపు లేదు, వేలం లేదు. ఆయుర్దాయం మాత్రం వున్నది. ఈ వుద్యోగాలూ పూర్వమంత విరివిగా లేవన్నది నిజమే. అయినా మార్గం అది.

మరొక వూరి సంగతి కూడా తమ్ముడికి చెప్పాను. కోవిల్‌పట్టి. మన గుడియాత్తంలాగే అదీ అగ్గిపెట్టెల వూరు. ఆ నల్లరేగడి సీమ పల్లెలలో మన తెలుగువారు తరాలుగా సేద్యం చేస్తున్నారు. అరవంలో పేరుమోసిన కథకులు కి. రాజనారాయణన్ గారి ఇంటి భాష తెలుగే, వారి వూరు ఇడైసెవల్ కోవిల్‌పట్టి పక్కనే. ఆ చిన్న పట్టణంలో హాకీ పిచ్చి ఎంతటిదంటే అఖిల భారత పోటీలు నడుపుతారు, కృత్రిమ మైదానం వుంది, ప్రభుత్వ హాస్టలు వుంది. అక్కడ తయారైన మారీశ్వరన్, కార్తి అనే ఇద్దరు కుర్రవాళ్ళు 2022 ఆసియా కప్పులో దేశానికి ఆడారు. అగ్గిపుల్లల వూరు చేయగలిగినది మేకల సంత వూరు చేయలేదా అని నేనంటే, "ముందు పదో తరగతి గట్టెక్కనీ" అన్నాడు తండ్రి. కాదనలేదన్నమాట. పిల్లవాడు నా చెవి దగ్గరకు వచ్చి, "పెదనాయనా, నాయన ఒప్పుకున్నట్టేనా?" అని అడిగాడు.

తిరుగు రైలుకు ఇంకా రెండు గంటలు వ్యవధి వుంటే పెరియమేడుకు వెళ్ళాము. తోళ్ళ మండీలూ ఆటసామాను దుకాణాలూ పక్కపక్కనే వుండే పేట. ఒడుగత్తూరు సంతలో అమ్మిన మేక తోలు కూడా యెప్పుడో ఈ వీధికి చేరి వుంటుందని తమ్ముడు మురిసిపోయాడు. కట్టె ధర విన్నాక మురిపెం తగ్గింది. భుజం మీది తుండు తీసి దుకాణదారు చేతి మీద కప్పి, సంతలో పద్ధతిగా, కింద వేళ్ళతో బేరం మొదలుపెట్టాడు. దుకాణదారుకు మొదట అర్థం కాలేదు. తరువాత ఆయనా నవ్వుతూ వేళ్ళు కలిపాడు. ఎంతకు తెగిందో నాకు చెప్పలేదు. సంత బేరం మూడోవాడికి చెప్పరు. బూట్లు మాత్రం ఒక సైజు పెద్దవి కొన్నాడు, హాస్టలుకు పోయేనాటికి కాలు పెరుగుతుంది గదా అని.